తాళం వేసిన మిషను



మందిరం వెనక గదిలో ఎన్నో ఏళ్లుగా ఉన్న పాత కుట్టు మిషను ఇప్పుడు కనబడడం లేదేమని కొందరు అడిగారు. అమ్మేశారని ఒకరు, పాస్టరు గారు ఇంటికి పట్టుకుపోయారని మరొకరు అనుకున్నట్టు కూడా మా చెవిన పడింది. అమ్మలేదు. ఇంటికి తీసుకుపోయిన మాట మాత్రం సగం నిజం, రెండు నెలలు అది మా వసారాలోనే ఉంది. ఎందుకు ఉందో, ఇప్పుడెక్కడ ఉందో చెప్పాలంటే మా తప్పు కూడా చెప్పాలి. వేదిక మీద నిలబడి మీ తప్పులు ఎన్నోసార్లు చెప్పాము గనుక ఇది కూడా చెప్పడమే న్యాయం.

ముందు ఆ మిషను సంగతి. అది సింగర్ వారి కాలి మిషను. నల్లటి ఒళ్లు, దాని మీద బంగారు రంగు తీగలు, కింద పోత ఇనుప స్టాండు, పక్కన చెక్క సొరుగులు. పీఠం మీద చెక్కిన నంబరు ‘వై’ అక్షరంతో మొదలవుతుంది. ఆ అక్షరం ఉన్నవి స్కాట్లాండులోని క్లైడ్‌బ్యాంక్ అనే ఊళ్లో 1920, 30 దశకాల్లో తయారైనవి. ఆ కర్మాగారం 1980లో మూతపడింది. అక్కడ పోత పోసిన ఇనుము ఓడ ఎక్కి, రైలెక్కి, చివరకు ఎడ్లబండి ఎక్కి మన ఊరికి చేరింది. కలకత్తాలో ఉషా మిషన్లు తయారవడం 1930వ దశకంలో గాని మొదలు కాలేదు, అంతకుముందు మన దేశంలో కుట్టు మిషను అంటే చాలామందికి సీమ సరుకే.

మన సంఘంలో పూర్వం సేవ చేసిన ఒక బైబిల్ స్త్రీ దాన్ని వాయిదాల మీద కొన్నదని పెద్దలు చెబుతారు. నమ్మదగిన మాటే. మొత్తం డబ్బు ఒక్కసారి ఇచ్చుకోలేని ఇళ్లకు వాయిదాల మీద మిషన్లు అమ్మే పద్ధతిని సింగర్ కంపెనీ 1850వ దశకంలోనే అమెరికాలో మొదలుపెట్టింది, అది లోకమంతా పాకింది. ఆమె పగలు ఊళ్లు తిరిగి వాక్యం చెప్పేది, సాయంత్రం దీపం పెట్టుకుని ఆడపిల్లలకు కుట్టు నేర్పేది. పోయే ముందు పెద్దలను పిలిచి, మిషను సంఘానికి ఇస్తున్నాను, మన పిల్లలు దీని మీద బతకాలి అని చెప్పిందట. రాతకోతలు లేవు, నోటి మాటే. ఆ మాటలో మొదటి సగం సంఘం బాగా గుర్తుంచుకుంది.

మేము ఈ ఊరికి సేవకు వచ్చి 11 సంవత్సరాలు. వచ్చిన కొత్తలో వెనక గది తెరిచి చూస్తే మైకు పెట్టెల కింద, క్రిస్మస్ నక్షత్రాల కింద, చిరిగిన పరదా కప్పుకుని ఉంది. సంఘ ఆస్తులన్నీ ఒక పుస్తకంలో ఎక్కించే పని పెట్టుకున్నాము గనుక, ‘సింగర్ కుట్టు మిషను, పాతది, ఒకటి’ అని రాసి, గదికి మళ్లీ తాళం వేశాము. ఆ రోజు ఎంతో నమ్మకమైన గృహనిర్వాహకులమని మాకు మేమే అనిపించింది.

ఆరేళ్ల కిందట మన సంఘ సహోదరి ఒకామె మా ఇంటికి వచ్చింది. భర్త పోయి అప్పటికి నాలుగు నెలలు. కొడుకు పదో తరగతి. గుమ్మంలోనే నిలబడి, "అయ్యగారూ, గుడి వెనక గదిలో మిషనుంది గదా, అది నాకిప్పించండి. చిన్నప్పుడు అవ్వగారి దగ్గర దాని మీదే జాకెట్లు నేర్చుకున్నాను. బాగుచేయించుకుని కుట్టుకుంటాను" అంది. ఉచితంగా అడగలేదు కూడా. నెలకు ఇంత అని కానుక పెట్టెలో వేస్తానంది.

"కమిటీలో పెట్టి చూద్దాంలే అమ్మా" అన్నాము.

ఈ ‘చూద్దాంలే’ అనే మాటను గురించి మేము చాలా ఆలోచించాము. అది కాదనడం కాదు, అవుననడం కాదు. అడిగినవారు తిట్టుకోరు, ఇచ్చేవారికి ఖర్చు ఉండదు. కాదంటే ఆమె ఆ రోజే ఇంకో దారి చూసుకునేది. ‘చూద్దాంలే’ అన్నందుకు కొన్ని నెలలు ఎదురు చూసింది. తన దగ్గర ఉండి కూడా పొరుగువాడితో రేపు రమ్మనడాన్ని సామెతల గ్రంథం 3వ అధ్యాయం తప్పుపడుతుంది. ఆ అధ్యాయం మీద మేము రెండుసార్లు ప్రసంగించాము. ఒకసారి ఆమె వింటూ ఉంది.

కమిటీలో ఆ విషయం నాలుగు నెలలకు వచ్చింది. పది నిమిషాలు మాట్లాడుకున్నాము. ఒకరికి ఇస్తే రేపు ఇంకొకరు అడుగుతారు అన్నారు ఒకరు. అది దేవుని సొత్తు, ఒక ఇంటికి ఎలా ఇస్తాము అన్నారు ఇంకొకరు. ఎటూ పనిచేయని మిషను ఇచ్చి ఏం లాభం అన్నది మా మాటే. మూడూ తెలివైన మాటలే, అందుకే వాయిదా పడింది. ఆమె మళ్లీ అడగలేదు. పత్తి తీతకు, మిరప కోతకు వెళ్లింది. ఆదివారం ఆదివారం వచ్చి ఆడవారి వైపు మూడో వరుసలో కూర్చునేది. వేళ్లకు మిరప ఘాటు పట్టి ఉండడం వల్ల కళ్లు తుడుచుకోవాలన్నా ముంజేతితో తుడుచుకోవడం చూసేవాళ్లం. చూసి, పాపం కష్టపడుతోంది అనుకునేవాళ్లం.

ఈ ఏడాది సాయంకాల పాఠాలలో ద్వితీయోపదేశకాండము వరుసగా చదువుకున్నాము, మీకు గుర్తుండే ఉంటుంది. 24వ అధ్యాయం 6వ వచనం దగ్గరకు వచ్చేసరికి మేము ఆగిపోవలసి వచ్చింది. అప్పు ఇచ్చినవాడు తిరగలిని తాకట్టు పట్టరాదని అక్కడి ఆజ్ఞ. దాని పై రాయి ఒక్కటి తీసుకుపోయినా తప్పే. ఎందుకంటే రెండు రాళ్లలో ఒకటి లేకపోతే రెండోది వట్టి బండ, ఆ ఇంట్లో ఆ పూట పిండి ఉండదు. పనిముట్టును పట్టుకుపోవడమంటే ప్రాణాన్ని పట్టుకుపోవడమేనని ధర్మశాస్త్రం లెక్క. అదే అధ్యాయంలో కొంచెం కిందికి వస్తే విధవరాలి బట్టను తాకట్టు పెట్టుకోరాదని కూడా ఉంది.

మేము ఎవరి తిరగలినీ తాకట్టు పట్టలేదు. కాని ఒకరి బతుకుకు పనికివచ్చే పనిముట్టును, అదీ వారికోసమే వదిలిపెట్టిన పనిముట్టును, తాళం వేసి ఉంచాము. తేడా ఏమిటో మాకు తేలలేదు. ఆ రాత్రి ఇంటికి వచ్చి, అన్నం తినకముందే తాళం తీసుకుని వెనక గదికి వెళ్లాము.

ఇక బాగుచేసిన కథ. ఇది కొంచెం పొడుగ్గానే చెబుతాము, మీలో చాలామంది ఇళ్లల్లో మంచం కింద మూలుగుతున్న మిషన్లు ఉన్నాయని మాకు తెలుసు గనుక.

చేతి చక్రం పట్టుకుని తిప్పితే కదలలేదు. తుప్పు అనుకున్నాము. తుప్పు తక్కువే. అసలు కారణం నూనె. ఎవరో ఎప్పుడో మిషన్ నూనె దొరకక కొబ్బరి నూనె పోసినట్టున్నారు, అది ఏళ్ల తరబడి ఎండి, చింత జిగురులా గట్టిపడి కీలు కీలునూ పట్టేసింది. మంచిదే కదా అని మిషనుకు వంట నూనె, కొబ్బరి నూనె పోయకండి. పోసిన రోజు మెత్తగా తిరుగుతుంది, పోసిన పాపం తరవాత బయటపడుతుంది. కిరసనాయిలు సంపాదించడమే ఈ రోజుల్లో కష్టమైంది. దూదితో అద్ది, నూనె రంధ్రాల్లో చుక్క చుక్కగా వేసి, రాత్రంతా వదిలి, పొద్దున కొంచెం కదిపి చూడడం, మళ్లీ వేయడం. బలవంతం పెట్టలేదు. మూడో రోజు పొద్దున చక్రం అంగుళం కదిలింది. అయిదో రోజుకు పూర్తిగా తిరిగింది. ఇంట్లో అమ్మగారు (మీరంతా అలాగే పిలుస్తారు గనుక మేమూ అలాగే రాస్తున్నాము) ఆ చప్పుడు విని వంటింట్లోనుండి పరుగెత్తుకు వచ్చారు.

ఒక తప్పు తృటిలో తప్పింది. నల్లటి ఒంటి మీద మురికి పోవడానికి స్పిరిట్ పెట్టి తుడుద్దామని సీసా మూత కూడా తీశాము. అంతలో సంఘంలో ఫర్నిచరు పాలిష్ పని చేసే తమ్ముడు వచ్చి చేయి పట్టుకున్నాడు. పాతకాలపు మిషన్ల మీద ఉన్నది లక్క వార్నిష్, స్పిరిట్ తగిలితే కరిగిపోతుంది, దానితో పాటు బంగారు తీగలూ పోతాయి. నాలుగు చుక్కల మిషన్ నూనె, మెత్తటి గుడ్డ, ఓపిక, అంతే చాలన్నాడు. మనిషైనా వస్తువైనా మురికిని పోగొట్టే తొందరలో పూతను పోగొట్టే ప్రమాదం మా వంటి బోధకులకు ఎప్పుడూ ఉంటుంది.

సూది కింద ఉండే ఇనుప పలక విప్పితే బట్టను జరిపే పళ్ల మధ్య దూది పీచు గట్టిగా అదిమిపెట్టిన కంబళి ముక్కలా ఉంది. ఎన్ని రంగుల దారాల పీచో. ఆ ముక్కను సూదిమొనతో పెళ్లగిస్తుంటే ఎన్ని ఇళ్ల బట్టలు దీని కింద నడిచాయో అనిపించింది. సొరుగుల్లో ఎలుకలు కాపురం చేసి వదిలేసిన గూడు, రెండు బాబిన్లు, అరిగిపోయిన టైలరు సుద్ద ముక్క దొరికాయి. ఒక బాబినుకు ఎర్ర దారం ఇంకా చుట్టి ఉంది, పట్టుకుంటే తెగిపోయింది.

తోలు బెల్టు ఎండి ముక్కలైంది. కొత్తది ఒంగోలులో దొరికింది. సుమారు ఆరడుగులు ఉంటుంది, చక్రాల మీదుగా చుట్టి కొలిచి కోసి, చివరలు ఇనుప క్లిప్పుతో కలపాలి. కొత్త తోలు కొన్నాళ్లకు సాగుతుంది. సాగినప్పుడు చక్రం తిరుగుతుంది గాని మిషను తిరగదు. చాలామంది అక్కడే మిషను పాడైందని పక్కన పెట్టేస్తారు. అర అంగుళం కోసి మళ్లీ క్లిప్పు పెడితే సరిపోతుంది.

అంతా బిగించి, గర్వంగా కూర్చుని తొక్కాము. చక్రం వెనక్కి తిరిగి దారం పుటుక్కున తెగింది. కాలి మిషను చక్రం కుట్టేవారి వైపే తిరగాలి. మడమ, మునివేళ్లు ఒకదాని తరవాత ఒకటి ఊయల ఊపినట్టు ఆడాలి. థియాలజీ కాలేజీలో ఎవరూ నేర్పని విద్య ఇది. అమ్మగారు నవ్వుకుంటూ పది నిమిషాల్లో నేర్చుకున్నారు, మాకు వారం పట్టింది. అది కుదిరాక, కుట్టు పైన బాగానే ఉన్నా బట్ట తిప్పి చూస్తే కింద దారం ఉచ్చులు ఉచ్చులుగా వేలాడుతోంది. కింద కనబడుతోంది గనుక తప్పు కింద ఉందనుకుని రెండు రోజులు బాబిన్ కేసు మరను బిగించీ వదిలీ విసిగిపోయాము.

అప్పుడు పక్క టౌనులో నలభై ఏళ్లుగా మిషన్లు బాగుచేస్తున్న ఒక సాయిబు గారిని పిలుచుకు వచ్చాము. ఆయన కూర్చుని, మిషను వంక కాదు, బట్ట వంక చూశారు. "పాస్టరు గారూ, ఉచ్చులు కింద పడితే పైదారం వదులని అర్థం. పైన చూడండి" అన్నారు. పైదారాన్ని బిగించే రెండు బిళ్లల మధ్య పాత దారం ముక్క ఒకటి ఇరుక్కుని తుప్పు పట్టి ఉంది. అది దారాన్ని పట్టనివ్వడం లేదు. దాన్ని లాగేసి బిళ్లలు తుడిచారు. సూది కూడా మేము తిప్పి పెట్టామట. ఈ మిషనుకు సూది మొదట్లో చదునుగా ఉండే వైపు ఎడమకు రావాలి, దారం కుడి నుంచి ఎడమకు ఎక్కించాలి. సూది మార్చి రెండు జానల గుడ్డ కుట్టి మా చేతికిచ్చారు. పైనా కిందా ఒకేలా ఉంది, వేలితో తడిమి చూశాము. నాలుగు వందలు అడిగారు, ఇచ్చాము. టీ మాత్రం అదనం.

కింద కనబడే లోపానికి కారణం పైన ఉండడం సంఘాల్లో కూడా తరచుగా చూసే సంగతి. ఇంతకంటే ఎక్కువ చెబితే కాపరులందరికీ కోపం వస్తుంది గనుక ఆపుతాము.

మిషను కుట్టడం మొదలుపెట్టిందని తెలిసేసరికి ఊళ్లో దాని విలువ పెరిగిపోయింది. పాత సామాన్లు కొనేవాడు ఒకడు వచ్చి స్టాండు ఒక్కటి ఇస్తే చాలు, పైన గాజు పలక వేసి హోటళ్లకు అమ్ముకుంటానన్నాడు. మన యౌవనస్థులు కొందరు, ఇది వందేళ్ల నాటి సాక్ష్యం, మందిరంలో అద్దాల పెట్టెలో పెట్టి పక్కన ఆ బైబిల్ స్త్రీ ఫోటో పెడదామన్నారు. వారి మనసు మంచిదే. ఆమెను మరిచిపోకూడదన్నది వారి ఉద్దేశం.

కాని అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం చూడండి. యొప్పేలో దోర్కా చనిపోయినప్పుడు పేతురు వచ్చాడు. ఆ మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ ఆయనకు ఏమి చూపించారు? ఆమె సూదిని కాదు, దారపు ఉండను కాదు. ఆమె బతికుండగా తమకోసం కుట్టిన బట్టలు చూపించారు. కుట్టేవారి సాక్ష్యం తొడుక్కున్నవారి ఒంటి మీద ఉంటుంది. మన బైబిల్ స్త్రీ సాక్ష్యం కూడా ఆమె దగ్గర నేర్చుకున్న ఆడపిల్లల చేతుల్లోనే ఉంది, ఆ చేతులను మిరప తోటలకు పంపించి ఇనుమును అద్దాల పెట్టెలో పెట్టడం ఆమెకు గౌరవం కాదని మా అభిప్రాయం. పాత వస్తువును బాగుచేయడమంటే దాన్ని దాని పనికి తిరిగి పంపించడం. పాలిష్ పెట్టి కూర్చోబెట్టడం దానికి రెండో తాళం వేయడమే.

ఇక చెప్పడానికి కష్టమైన భాగం.

ఒక శనివారం సాయంత్రం ఆ సహోదరిని పిలిపించాము. వసారాలో మిషను చూసి నిలబడిపోయింది. చేత్తో బంగారు తీగలు తడిమింది. "కూర్చో అమ్మా, ఇది నీదే" అన్నాము. కూర్చుంది, దారం ఎక్కించింది. మేము వారం రోజులు నేర్చుకున్నది ఆమె పాదాలు చూడకుండానే చేశాయి. ముప్ఫై ఏళ్ల కిందటి విద్య మరిచిపోలేదు. పదిహేను నిమిషాలు కుట్టింది. తరవాత ఆపి, కుడి మోకాలు రెండు చేతులతో పట్టుకుంది.

వంగి మిరపకాయలు కోసీ కోసీ మోకాళ్లు అరిగాయని డాక్టరు చెప్పారట. మాకు తెలియదు. మూడో వరుసలో కూర్చునే మనిషి మోకాళ్ల సంగతి మాకు తెలియలేదు. ప్రార్థనలో అందరూ మోకరించినప్పుడు ఆమె కూర్చునే ఉండడం ఏడాదిగా చూస్తూనే ఉన్నాము.

"అప్పుడే ఇచ్చుంటే బాగుండేది అయ్యగారూ" అంది. నిష్ఠూరంగా కాదు, వాన కొంచెం ముందు పడుంటే బాగుండేది అన్నట్టు అంది. మాకు జవాబు రాలేదు. క్షమించమని అడిగాము. ఆమె ఇబ్బంది పడి, అంత మాటెందుకండీ అంటూ లేవబోయింది. ఆమె క్షమించింది నిజమే, అంతమాత్రాన మోకాలు తిరిగి రాదు. ఇనుముకు పట్టిన జిగురు అయిదు రోజుల్లో వదిలింది. మనుషుల విషయంలో ఆలస్యం అలా కిరసనాయిలుకు కరగదు. దేవుడు సమస్తాన్నీ బాగుచేస్తాడని మేము నమ్ముతున్నాము, ప్రకటిస్తున్నాము. కాని ఆ మాటను మన ‘చూద్దాంలే’కు పూచీకత్తుగా వాడుకునే హక్కు మనకు లేదు.

మోటారు పెట్టిద్దామా అని అడిగాము. పెట్టవచ్చు, పాత మిషనుకు చిన్న మోటారు బిగించి కింద ఎలక్ట్రిక్ పెడల్ పెట్టేవారు టౌనులో ఉన్నారు. అసలు రూపం చెడిపోతుందని బాధపడే వారికి మా జవాబు ఒకటే, మిషను రూపం కంటే మనిషి మోకాలు ఎక్కువ. కాని ఆమే వద్దంది. "నేను కత్తిరిస్తాను, మా కోడలు తొక్కుద్ది. దానికీ పని వచ్చుద్ది. డబ్బులొస్తే మోటారు మేమే పెట్టుకుంటాం" అంది. మర్నాడు ఆరాధన తరవాత నలుగురు తమ్ముళ్లు ట్రాలీ ఆటోలో ఎక్కించి వాళ్లింట్లో దించి వచ్చారు. అదీ, మిషను కనబడకపోవడానికి కారణం.

కొందరు మంచి ప్రశ్నలు వేశారు. రెడీమేడ్ బట్టలు ఇంత చవకగా దొరుకుతుంటే ఎవరు కుట్టించుకుంటారు అన్నారు. చొక్కాల విషయంలో వారి మాట నిజం. కాని జాకెట్టు ఇప్పటికీ ఒంటి కొలతకే కుట్టించుకుంటారు. కొన్న చుడీదారు వదులైతే పట్టించుకోవాలి, బడి పిల్లల నిక్కరు చిరిగితే వేయించుకోవాలి, చీరకు ఫాల్స్ కుట్టాలి. ఊళ్లో ఇప్పుడు ఈ పనులకు టౌనుకు పోతున్నారు, ఆటో ఖర్చే కుట్టు కూలంత అవుతోంది. కరెంటు మిషను వేగంగా కుడుతుంది కదా అన్నారు, అదీ నిజమే, రోజుకు ఇరవై జాకెట్లు కుట్టేవారికి అదే మేలు. యంత్రాలంటే అంతగా పడని గాంధీ గారు కూడా 1924లో ఈ విషయం మాట్లాడినప్పుడు సింగర్ కుట్టు మిషనును మాత్రం మినహాయించారు. మనిషి చేతిలో పనిని లాక్కోకుండా మనిషి కష్టాన్ని తగ్గించే యంత్రమని ఆయన ఉద్దేశం.

మూడో ప్రశ్న బరువైనది. ఇంత శ్రమ ఎందుకు, ఏదైనా సంస్థను అడిగితే కొత్త మిషన్లే ఇస్తారు కదా అన్నారు. ఇచ్చారు కూడా. కొన్నేళ్ల కిందట ఒక సంస్థ వారు, పేరు అనవసరం, మన సంఘానికి అయిదు కొత్త మిషన్లు ఇచ్చారు. బ్యానరు కట్టాము, దండలు వేశాము, ఫోటోలు తీశాము, ఆ ఫోటోల్లో మేమూ ముందు వరుసలోనే ఉన్నాము. ఈ నెలలో ఆ అయిదు ఇళ్లకూ వెళ్లి చూశాము. ఒకటి కుడుతోంది. ఒకటి అమ్ముకున్నారు, పిల్ల ఆసుపత్రి ఖర్చుకు, దానికి మేము ఒక్క మాట అనలేదు. మూడు మూలన ఉన్నాయి. ఒకదానికి బెల్టు తెగింది. ఒకదానికి సూది వంకర పోయింది. మూడోది పీచు పట్టి ఆగింది. సూది ధర పది రూపాయలు. ఆ పది రూపాయల సూది ఎక్కడ దొరుకుతుందో, ఎటు తిప్పి పెట్టాలో చెప్పేవారు లేక వేల రూపాయల మిషను మీద బట్టలు మడతపెట్టి పెట్టుకున్నారు.

ఇవ్వడం ఒక రోజు పని, అందుకే మనకు ఇష్టం. దానికి బ్యానరు ఉంది. బాగుచేయడానికి బ్యానరు లేదు, మళ్లీ మళ్లీ వెళ్లాలి, చేతులు నల్లబడతాయి, చేసింది ఎవరికీ కనబడదు. సంఘం చేయవలసింది రెండోదని మేము అనుకుంటున్నాము. నిర్గమకాండములో దేవుడు బెసలేలును ఆత్మతో నింపింది ప్రసంగం చేయడానికి కాదు, లోహంతో, చెక్కతో, రాతితో పని చేయడానికి. అటువంటి వరం ఉన్నవారు మనలో ఉన్నారు. పాలిష్ పని తమ్ముడున్నాడు, బోరు మోటార్లు విప్పే అన్నగారున్నారు, సైకిలు షాపు బాబాయి ఉన్నారు. వీరిని మనం ఇంతవరకు కుర్చీలు మోయడానికీ పందిళ్లు వేయడానికీ మాత్రమే పిలిచాము. వచ్చే నెల నుంచి మొదటి శనివారం మధ్యాహ్నం వెనక గదిలో వారు కూర్చుంటామన్నారు. మిషనైనా, స్ప్రేయరైనా, మిక్సీ అయినా తెచ్చుకోండి. మన సంఘంవారే కానక్కరలేదు. సామాను ఖర్చు మీది, కూలి వారు చెప్పింది ఇవ్వండి.

కూలి సంగతి వచ్చింది గనుక ఒక మాట. మందిరంలో కానుక సంచులు నాలుగు చిరిగాయి. మన సహోదరికి ఇచ్చి కుట్టించాము. ఆమె, ఆమె కోడలు కలిసి ఒక సాయంత్రంలో కుట్టి ఇచ్చారు, 160 రూపాయలు అడిగారు. మిషను సంఘమే ఇచ్చింది కదా, దేవుని పనికి కూలేమిటి అని ఒక పెద్ద అన్నారు. ఆయన అంటే మాకు గౌరవం. కాని ఇచ్చిన దానిని అప్పుగా మార్చి ఏళ్ల తరబడి వసూలు చేసుకుంటే అది మళ్లీ తాకట్టు తిరగలే అవుతుంది. 160 రూపాయలు ఇచ్చాము, ఖర్చుల పుస్తకంలో రాశాము.

ఆస్తుల పుస్తకంలో ‘సింగర్ కుట్టు మిషను, పాతది, ఒకటి’ అన్న వరుసను కొట్టివేశాము. దాని ఎదురుగా కమిటీ పెద్దలందరి సంతకాలు కావాలి. ఇంకా ఇద్దరు చేయవలసి ఉంది. ఆ ఇద్దరు అన్నలూ ఈ ఆదివారం ఆరాధన తరవాత కాసేపు ఆగవలసిందిగా మనవి.